సుబ్బాయమ్మ గారి బొటనవేలిని రీసెట్ చేయు విధానము

దశమి గురువారం ఉదయం తొమ్మిది గంటల పదకొండు నిమిషాలకు, శుభలగ్నమందు, మా ఊరి పూతరేకుల సంఘం వారి ట్యాబ్‌ను రీసెట్ చేయడం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అదే సమయానికి ఊళ్ళో మిగతా అందరి గడియారాల్లోనూ అంతకు ముందు నెల సోమవారం, సాయంత్రం నాలుగున్నర అయింది. ఇది చిన్న తేడా. ఎందుకు వచ్చిందో వరుసగా మనవి చేస్తాను.

మాది ఆత్రేయపురం పక్కన కాలవ దాటితే వచ్చే ఊరు. పూతరేకు పుట్టే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. జారుగా కలిపిన బియ్యప్పిండిలో పల్చటి గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క ఊపున పరిచి తీస్తే, రెప్పపాటులో పొర కడుతుంది. దాన్ని చిరక్కుండా వేళ్ళతో ఊడదీయాలి. కుండ కాలుతూనే ఉంటుంది. వేలు ఊరుకోవాలి. యాభై ఏళ్ళు అలా ఊరుకున్న వేలి మీద గీతలు మిగలవు. చర్మం మందమెక్కి, నున్నబడి, ఇత్తడి చెంబు అడుగులా తయారవుతుంది.

అలాంటి వేళ్ళున్న ఆడవాళ్ళు మా ఊళ్ళో ఇరవై నలుగురు. అందరికంటే నున్నటివి సుబ్బాయమ్మ గారివి. ఆవిడకు అరవై తొమ్మిదేళ్ళు. పొయ్యి ఇంటి పంచలో ఉండేది. సిమెంటు రోడ్డు వేసినప్పుడు పంచ రోడ్డులో కలిసిపోయింది. రోడ్డు బాగుంది. పొయ్యే లేదు.

ఆ లోటు తీర్చడానికి పై ఆఫీసు వారు షెడ్డు కట్టించారు. ఇరవై నాలుగు పొయ్యిలు, ఒక్కోదానికి ఒక నెంబరు. కిటికీ పక్కనున్న ఏడో నెంబరు సుబ్బాయమ్మ గారిదని అందరూ అనుకున్నారు. అనుకుంటే సరిపోదు. నెలాఖరులోగా ట్యాబ్ మీద బొటనవేలు వేసి, కళాకారిణిగా నమోదైనవారికే పొయ్యి. నమోదు కానివారి పొయ్యి, నమోదై వరుసలో ఉన్నవారికి పోతుంది. షెడ్డు తప్ప ఆవిడకు మంట వేసుకునే చోటు ఇంకెక్కడా లేదు. అదీ సంగతి.

మొదటి రోజు మొదటి వేలు కన్యక గారిది. ఆవిడ సంఘం అధ్యక్షులు నాగేశ్వరప్రసాద్ గారి సతీమణి. నాగేశ్వరప్రసాద్ గారికి బజార్లో పెద్ద మిఠాయి కొట్టుంది. కాబట్టి కన్యక గారు కుండను అట్టపెట్టె మీది బొమ్మలో చాలాసార్లు చూశారు. వేలు ఆనించారో లేదో, ట్యాబ్ పచ్చగా వెలిగింది. "కళాకారిణి గుర్తించబడినారు" అని తెలుగులో రాసి చూపించింది. అందరం చప్పట్లు కొట్టాం. అంత స్పష్టమైన గీతలు ఆ యంత్రం అంతవరకు చూసి ఉండదు.

తరువాత సుబ్బాయమ్మ గారు వేలు పెట్టారు. ఎర్రగా వెలిగింది. వేలిముద్ర స్పష్టంగా లేదంది.

చింతపండుతో తోమి పెట్టారు. పౌడరు రాసి పెట్టారు. కొబ్బరినూనె రాసి పెట్టారు. ఆ తరువాత నూనె తుడవడానికి పావుగంట పట్టింది, ట్యాబ్‌కి. పది వేళ్ళూ పెట్టించారు. పదీ ఎరుపే.

"మామ్మగారూ, కొంచెం గట్టిగా నొక్కండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్. ట్యాబ్ చూసుకోవడానికి పై ఆఫీసు వారు వేసిన కుర్రాడు అతను.

"ఇంకా గట్టిగా నొక్కితే అద్దం పగిలిపోద్దేమో బాబూ."

ఆవిడ వెనక ఇరవై ముగ్గురికీ అదే జరిగింది. ఒక్క రేకు కూడా తీయనివారు తొమ్మిది మంది సాయంత్రానికి కళాకారిణులయ్యారు. రేకులు తీసేవారు ఒక్కరూ కాలేదు. ఇందులో ట్యాబ్ తప్పేదో ఉందని మొదట అనుకున్నాం. మా వైపు మర్యాద ఎక్కువ కాబట్టి ఎవరూ దాన్ని పల్లెత్తు మాట అనలేదు. ట్యాబు గారికి ఒంట్లో బాగున్నట్టు లేదని మాత్రం అన్నాం.

ఉదయ్‌భాస్కర్ చదువుకున్నవాడు. ఏ జబ్బుకైనా అతని దగ్గర మందు ఒకటే. మోతాదు మారుతుంది. మొదట ట్యాబ్‌ను ఆర్పి వెలిగించాడు. వెలిగింది. సుబ్బాయమ్మ గారి వేలు పెట్టించాడు. ఎరుపు. రెండోసారి నెట్‌వర్క్ సెట్టింగులు రీసెట్ చేశాడు. దానితో అది వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయింది. ఆ పాస్‌వర్డ్ అంతకు ముందున్న ఉద్యోగి పెట్టింది. ఆయన బదిలీ మీద తణుకు వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే గుర్తులేదని, తన ఫోన్‌ను మొన్ననే రీసెట్ చేశానని చెప్పాడు. మూడోసారి అన్ని సెట్టింగులూ రీసెట్ చేశాడు. తెలుగు పోయి ఇంగ్లీషు వచ్చింది. ఇదివరకు వేలిముద్ర స్పష్టంగా లేదని తెలుగులో చెప్పేది. ఇప్పుడు అదే ఇంగ్లీషులో చెప్పింది. ఎంతో కొంత అభివృద్ధి జరిగిందని నాగేశ్వరప్రసాద్ గారు అభిప్రాయపడ్డారు.

ఆ వారం ఊరంతా రీసెట్ మీద నమ్మకం కుదిరింది. రోజూ ఎన్ని అడుగులు వేసిందీ ఫోన్ లెక్కపెడుతుందట. ఒకాయన మోకాలు నొప్పితో నడవలేక, అడుగులు తక్కువ చూపిస్తోందని ఫోన్ రీసెట్ చేయించుకున్నాడు. ఇప్పుడు సున్నా చూపిస్తోంది. నొప్పి సంగతి డాక్టరును అడగడం మానేశాడు. ఇంకొకావిడ కోడలు ఫోన్ చేయడం లేదని రీసెట్ చేయించింది. అందరి నెంబర్లూ పోయాయి. ఎవరితోనూ మాట లేకపోయేసరికి కోడలి మీద ప్రత్యేకంగా కోపం లేదంటోంది. పంచాయతీ వారు వీధి లైట్లు మూడు నెలలుగా వెలగడం లేదన్న ఫిర్యాదుకు, ఫిర్యాదుల ఫోన్‌ను రీసెట్ చేశారు. ఫిర్యాదు ఇప్పుడు లేదు.

నెలాఖరు దగ్గర పడింది. ఇక మిగిలింది పెద్ద రీసెట్. అది చేస్తే ట్యాబ్ ఫ్యాక్టరీలో పుట్టిన రోజుకు వెళ్ళిపోతుందని ఉదయ్‌భాస్కర్ చెప్పాడు. పుడుతుందన్న మాట చెవిన పడగానే కన్యక గారు ముహూర్తం చూడాలన్నారు. మార్కండేయులు గారికి కబురు వెళ్ళింది. మా ఊళ్ళో పెళ్ళికైనా బోరు వేయడానికైనా ఆయనే పంచాంగం చూస్తారు. చూసి, మూఢం నడుస్తోందన్నారు. వచ్చే నెల దశమి గురువారం దాకా ఏ శుభకార్యమూ పనికిరాదన్నారు. గడువేమో ఈ నెలాఖరు.

అప్పుడు ఉదయ్‌భాస్కర్ నెమ్మదిగా ఒక సంగతి బయటపెట్టాడు.

"పుట్టగానే అదే అడుగుద్దండి, ఇవాళ తేదీ ఎంత, టైమెంత అని. మనం ఏది చెప్తే దానికదే."

మార్కండేయులు గారు పంచాంగం మూసి కళ్ళజోడు తీశారు. "మరింకేంటండి. ముహూర్తం మనకా, దానికా? దానికి దశమి గురువారం అయితే చాలు. మనకి సోమవారం అయితేనేంటి."

శాస్త్రానికీ సాంకేతికానికీ ఇంత చక్కగా కుదరడం మా ఊళ్ళో అదే మొదలు. సోమవారం నాలుగున్నరకు పెద్ద రీసెట్ చేశారు. తేదీ అడిగింది. దశమి గురువారం, ఉదయం తొమ్మిది పదకొండు అని చెప్పారు. నమ్మింది. నీళ్ళు పడకుండా దూరంగా కొబ్బరికాయ కొట్టారు. కన్యక గారు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు కెమెరా కన్ను మీదే పడింది. వేలు కుదరనివారిని ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి ఒకటుందట. అది అక్కడితో ముగిసింది. బొట్టు చెరిపేందుకు ఎవరికీ చేతులు రాలేదు.

సుబ్బాయమ్మ గారు వేలు చాచారు. ఈసారి ట్యాబ్ వేలి దాకా రానే రాలేదు. గడువు ముగిసినదని చెప్పింది. దాని లెక్కన నెలాఖరు వెళ్ళిపోయి రెండు వారాలైంది.

రేకులు తీసే ఆశాజ్యోతి ముందుకొచ్చింది. ఆవిడ సుబ్బాయమ్మ గారి దగ్గరే పని నేర్చుకుంది. తేదీ వెనక్కి తిప్పమంది. రెండు నిమిషాల పని అంది.

"శుభలగ్నంలో కూర్చున్నదాన్ని లేవదీసి మూఢంలో కూర్చోబెట్టమంటావా తల్లీ? నీ బిడ్డయితే చేస్తావా?" అన్నారు మార్కండేయులు గారు.

"నా బిడ్డయితే కంట్లో బొట్టు పెట్టనండి" అంది ఆశాజ్యోతి.

దీన్ని సభామర్యాద లేని మాటగా రాసుకుని, గడువు పెంచమని పై ఆఫీసుకు ఉత్తరం పంపారు. జవాబు తొందరగానే వచ్చింది. గడువు అరవై రోజులు పొడిగించడమైనది అన్నారు. అది మంచి మాట. కింద ఇంకో మాట ఉంది. "పరికరము సంపూర్ణముగా రీసెట్ చేయబడినందున పరికరమందు లోపము ఉండుటకు అవకాశము లేదు. లోపము వేలియందు ఉన్నదేమో పరిశీలించవలెను."

పరిశీలించడానికి ముగ్గురితో కమిటీ వేశారు. నాగేశ్వరప్రసాద్ గారు, మార్కండేయులు గారు, ఉదయ్‌భాస్కర్. పంచాంగం చదివే భూతద్దంతో సుబ్బాయమ్మ గారి వేలు చూశారు. ఒకరి తరువాత ఒకరు చూశారు. ఆ వేలు అలా ఎందుకైందని ముగ్గురిలో ఎవరూ అడగలేదు. అది కమిటీ పరిధిలో లేదు. సెట్టింగులు మారిపోయాయని, ఫ్యాక్టరీలో ఇచ్చినట్టు లేవని ఉదయ్‌భాస్కర్ రాశాడు. మిగతా ఇద్దరూ సంతకం పెట్టారు. కాబట్టి వేలిని రీసెట్ చేయాలి.

విధానం కూడా అతనే కనిపెట్టాడు. వేడి తగలకుండా ఉంటే పాత చర్మం పోయి కొత్తది వస్తుంది. కొత్తదాని మీద గీతలుంటాయి. ఎన్నాళ్ళు పడుతుందో అతను చెప్పలేకపోయాడు. మార్కండేయులు గారు చెప్పారు. మండలం. నలభై ఒక్క రోజులు. ఆ రోజుల్లో కుండ ముట్టకూడదు. మంట దగ్గర కూర్చోకూడదు. అంట్లు తోమకూడదు. వేలికి రోజూ వెన్న రాయాలి. దీన్ని దీక్ష అని పిలిస్తే ఆడవాళ్ళు ఎదురు చెప్పరని నాగేశ్వరప్రసాద్ గారు సూచించారు. ఆ పేరే ఖాయమైంది.

దీక్ష మొదలుపెట్టే రోజు ఆయన మైకు పట్టుకున్నారు. "మన ఆడపడుచులు తరతరాలుగా తమ గుర్తింపును తామే కాల్చుకున్నారు. ఎవరు చెప్పారండి కాల్చుకోమని? నేను చెప్పలేదు. మన కొట్టుకు రేకులు తెచ్చేటప్పుడు కూడా వేళ్ళు జాగ్రత్తమ్మా అనే అనేవాణ్ణి. పోయిందేదో పోయింది. ఇవాళ్టి నుంచి వేలికి కొత్త జీవితం." చప్పట్లు బాగా పడ్డాయి. కొట్టినవారివి మెత్తటి చేతులు కావడంతో చప్పుడు కొంచెం తక్కువగా వచ్చింది.

సుబ్బాయమ్మ గారు లేచి ఒక్కటే అడిగారు.

"కుండ ముట్టకపోతే నేను పూతరేకులావిడ్ని ఎలా అవుతానండి?"

"ముట్టకపోతేనే అవుతారండి మామ్మగారూ. ముట్టారంటే అవరు" అన్నాడు ఉదయ్‌భాస్కర్. అతను ఎగతాళి చేయడం లేదు. ఉన్న సంగతి చెప్పాడు.

ఆవిడ సరేనన్నట్టు "ఆయ్" అని ఇంటికి వెళ్ళిపోయారు.

ఇరవై నలుగురూ దీక్ష పట్టడంతో నలభై ఒక్క రోజులు మా ఊళ్ళో కొబ్బరాకుల పొగ లేదు. సుబ్బాయమ్మ గారికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్నారు. అరుగు మీద పెట్టుకున్నారు. పది రోజులయ్యాక ఆశాజ్యోతి వెన్న ఇవ్వడానికి వెళ్ళేసరికి, పెరట్లో ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి, దాని మీద తడి తువ్వాలు పరిచి తీస్తున్నారు. పరిచి తీస్తున్నారు. ఆశాజ్యోతిని చూసి ఆపారు.

"చెయ్యి మర్చిపోద్దేమోనే" అన్నారు.

ఊరికి మాత్రం ఆ రోజులు సరదాగా గడిచాయి. ఆకుమడి మొలిచిందో లేదో చూసుకున్నట్టు, వచ్చేపోయేవాళ్ళు ఆవిడ వేలు చూసి వెళ్ళేవారు. ఇరవయ్యో రోజున ఒక గీత కనపడిందని ఉదయ్‌భాస్కర్ ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ముప్ఫై మంది దాని కింద బొటనవేళ్ళు పెట్టారు. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముప్ఫై అయిదో రోజుకు గీతలు చుట్టూ తిరిగాయి. చంటిపిల్ల వేలిలా ఉందని కన్యక గారు మెచ్చుకున్నారు. తన వేలు కూడా పక్కన పెట్టి చూపించారు. రెండూ ఒకేలా ఉన్నాయి.

నలభై రెండో రోజు ఆవిడ వేలు ఆనించారు. పచ్చ. కళాకారిణి గుర్తించబడినారని వచ్చింది. ఇంగ్లీషులోనే వచ్చింది. ఉదయ్‌భాస్కర్ చదివి చెప్పాడు. సుబ్బాయమ్మ గారు పైట కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. కిటికీ పక్కన ఏడో నెంబరు పొయ్యి ఆవిడ పేరు మీద రాశారు. కార్డు మెడలో వేశారు.

అదే రోజు షెడ్డు ప్రారంభోత్సవానికి పై ఆఫీసు నుంచి పెద్ద అధికారి వచ్చారు. మొదటి రేకు సుబ్బాయమ్మ గారి చేత తీయించాలని కార్యక్రమపత్రంలో ఉంది. పొయ్యి వెలిగించారు. కుండ కాగింది. ఆవిడ గుడ్డ ముంచి, పరిచి, తీశారు. మణికట్టు ఏమీ మర్చిపోలేదు. పొర తెల్లగా, మల్లెరేకులా కట్టింది. దాన్ని ఊడదీయడానికి వేళ్ళు ఆనించారు.

చేయి వెనక్కి వచ్చేసింది.

ఆవిడే ఆశ్చర్యపోయి చేతివంక చూసుకున్నారు. మళ్ళీ పెట్టారు. రేకు సగానికి చిరిగింది. మూడోసారి పళ్ళు బిగించి పెట్టారు. రేకు మాడి కుండకు అంటుకుపోయింది. బొటనవేలు మీద, ఆ కొత్త గీతల మధ్య, చిన్న చింతగింజంత బొబ్బ లేచింది. యాభై ఏళ్ళు కుండ దగ్గర ఊరుకున్న చర్మం వెన్నతో పాటు పోయింది. ఇప్పుడున్నది నలభై రెండు రోజుల వేలు. ట్యాబ్ ఆవిణ్ణి గుర్తుపట్టింది. కుండ గుర్తుపట్టలేదు.

ఆశాజ్యోతి వచ్చి ఆ వేలిని పిండినీళ్ళలో ముంచింది. "కాలిందా అత్తా?"

"కుండేమీ ఎక్కువ కాగలేదే. వేలే కొత్తది" అన్నారు సుబ్బాయమ్మ గారు.

కార్యక్రమం ఆగలేదు. నాగేశ్వరప్రసాద్ గారు ముందుచూపు గలవారు. షెడ్డు మూలన పేర్చిన అట్టపెట్టెలు తెరిపించారు. అందులో పూతరేకులు సిద్ధంగా ఉన్నాయి. ఎక్కడో మిషను మీద చేసినవి. దీక్ష నాలుగో రోజు నుంచి వ్యానులో వస్తున్నాయి. అధికారి గారు ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. తెరిచి సుబ్బాయమ్మ గారి వైపు చూశారు. "ఈ రుచి ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసండి. ఈ తల్లి వేళ్ళలోంచి వస్తుంది" అన్నారు. ఆవిడ వేలు పిండిలోంచి తీసి నమస్కారం పెట్టారు. ఫొటో బాగా వచ్చింది.

ఇప్పుడు షెడ్డు క్రమశిక్షణతో నడుస్తోంది. ప్రతి ఉదయం ట్యాబ్ మీద వేలు వేసి లోపలికి వెళ్ళాలి. వేలు పడనివారి పొయ్యి రద్దవుతుంది, వరుసలో ఉన్న కన్యక గారికి చెందుతుంది. ఆవిడ ఆ చోట అట్టపెట్టెలు పేర్చుకుంటారు. దీక్ష పూర్తిచేసినవారిలో పదిహేడు మంది వేలు వేసి, కుండ ముట్టకుండా ఇంటికి వెళ్ళిపోతున్నారు. వారిని ఆదర్శ కళాకారిణులుగా ప్రకటించారు.

సుబ్బాయమ్మ గారు వెళ్ళిపోవడం లేదు. వేలు వేసి, పొయ్యి వెలిగించి కూర్చుంటున్నారు. మొదటి వారం రోజుకు ఒక రేకు చిరక్కుండా వచ్చింది. రెండో వారానికి ఆరు. మొన్న ముప్ఫై. బొబ్బలు చితికి, ఎండి, చర్మం మళ్ళీ మందమెక్కుతోంది. అది ఎంత మందమెక్కితే రేకు అంత బాగా వస్తుంది. ట్యాబ్‌కు అంత తక్కువ కనపడుతుంది. ఇవాళ ఉదయం మూడుసార్లు ఎర్రగా వెలిగి, నాలుగోసారి పచ్చబడింది. పని మానేసి పొయ్యి ఉంచుకోమని ఆశాజ్యోతి బతిమాలింది. ఖాళీ పొయ్యి తనకెందుకని ఆవిడ అన్నారు. రేపో ఎల్లుండో చేయి పూర్తిగా తిరిగొస్తుంది. ఆ రోజు పొయ్యి పోతుంది. ఆ రోజేదో ముందుగా చెప్పమని, చెబితే బియ్యం నానబోయనని మాత్రం ఉదయ్‌భాస్కర్‌ను అడిగారు. అతను చూసి చెబుతానన్నాడు. ఇంకోసారి రీసెట్ చేద్దామంటున్నాడు.

ఇక పెట్టెల సంగతి. వ్యాను రోజూ వస్తోంది. పెట్టె మీద సుబ్బాయమ్మ గారు నమస్కారం పెడుతున్న ఫొటో వేశారు. మీ ఇంటికీ ఒకటి వచ్చే ఉంటుంది. అన్ని ఊళ్ళ నుంచీ అభినందనలు అందుతున్నాయి. చేతిపని అంటే ఇలా ఉండాలని కొందరు రాశారు. ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆవిడ వేలికి నలభై ఒక్క రోజులు పట్టింది. మీ నాలుకను ఎవరు రీసెట్ చేశారో, ఎన్నాళ్ళు పట్టిందో మా దగ్గర వివరాలు లేవు.